హామిల్టన్ పెట్టెల్లో కాకినాడ

కెనడాలో ఆంటారియో సరస్సు పడమటి కొసన ఉన్న హామిల్టన్ ఉక్కు కొలుములకు పేరుపడ్డ ఊరు. అక్కడి మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం ఆవరణలో ఒక క్రైస్తవ దైవశాస్త్ర కళాశాల ఉంది. కెనడా బాప్టిస్టుల పాత కాగితాలను ఆ కళాశాలే భద్రపరుస్తోంది: సంఘాల మినిట్సు పుస్తకాలు, మిషన్ పత్రికలు, వార్షిక నివేదికలు, చేతిరాత ఉత్తరాలు, ఫొటోలు. ఈ బాప్టిస్టులు కెనడా బయట తమ సొంత క్షేత్రంగా ముందుగా పనికి దిగిన నేల తెలుగు నేలే. అందుకే కాకినాడ, తుని, ఆకివీడు, బొబ్బిలి, సోంపేటల వంటి ఊళ్ల చరిత్రలో కొంత భాగం ఆ మంచు దేశపు పెట్టెల్లో చేరింది. ఏటేటా అచ్చువేసిన మిషన్ నివేదికకు పేరే ‘తెలుగుల మధ్య’ అని.

ఆంటారియో నుంచి తెలుగు దేశానికి సాగిన ఈ రాకపోకలకు నూట యాభై ఏళ్లు దాటాయి. మొదట వచ్చినవాళ్లు జీవితమంతా ఇక్కడే గడపడానికి వచ్చారు. తర్వాతివాళ్లు ఏడేళ్లకోసారి సెలవు మీద ఇంటికి వెళ్లి వచ్చేవారు. ఇప్పుడు కెనడా సంఘాల నుంచి పరదేశాలకు వెళ్లేవాళ్లలో ఎక్కువమంది రెండు వారాలకు వెళ్తారు. బస ఇలా కుదించుకుపోతూ వచ్చిన కొద్దీ పని తీరు మారింది, పని ఎవరి చేతిలో ఉందన్నదీ మారింది.

తెలుగువాళ్ల మధ్య బాప్టిస్టు మిషన్ మొదలుపెట్టిన శామ్యూల్ డే పుట్టింది ఇప్పటి ఆంటారియోలోనే, పంపింది మాత్రం అమెరికా బాప్టిస్టులు. ఆయన 1836లో విశాఖపట్నం వచ్చి, 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. కెనడా సంఘాలు సొంతంగా మనిషిని పంపాలని ఆలోచించింది ఆ తర్వాత పాతికేళ్లకు పైనే. 1866లో ఇంగర్‌సాల్ అనే చిన్న ఊళ్లో ఆంటారియో బాప్టిస్టులు సమావేశమై, అమెరికా మిషనుకు అనుబంధంగా ఒక సంఘం పెట్టుకున్నారు. మరుసటి ఏడాది ఎ.వి. టింపనీని, ఆయన భార్య జేన్‌ను సాగనంపారు. తర్వాత రెండు మూడేళ్లకే జాన్ మెక్‌లారిన్, ఆయన భార్య మేరీ బయలుదేరారు. జేన్, మేరీ అక్కచెల్లెళ్లు, జాన్ బేట్స్ అనే పాస్టరు కూతుళ్లు. టింపనీ, మెక్‌లారిన్ ఇద్దరూ వుడ్‌స్టాక్ ఊళ్లోని కెనడియన్ లిటరరీ ఇన్‌స్టిట్యూట్‌లో చదివినవాళ్లు. ఆ విద్యాలయపు దైవశాస్త్ర శాఖ 1881లో టొరంటోకు తరలింది, 1887లో మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో కలిసింది, 1930లో విశ్వవిద్యాలయంతో పాటు హామిల్టన్‌కు వచ్చి చేరింది. తొలి మిషనరీలు చదువుకున్న బడికి వారసురాలే ఇప్పుడు వాళ్ల కాగితాలను కాపాడుతోందన్నమాట. వుడ్‌స్టాక్, ఇంగర్‌సాల్‌ల నుంచి తూర్పు రేవులకు పోయే గ్రేట్ వెస్టర్న్ రైలు మార్గం కూడా హామిల్టన్ మీదుగానే పోయేది.

టింపనీ దంపతులు బయలుదేరేనాటికి సూయజ్ కాలువ ఇంకా తెరవలేదు. 1867లో ఓడ ఎక్కినవాళ్లు మద్రాసులో దిగింది 1868లో. వాళ్లను సాగనంపిన తల్లిదండ్రులు మళ్లీ చూస్తామన్న ఆశ పెట్టుకున్నా నమ్మకం పెట్టుకోలేదు. టింపనీ రామాయపట్నంలో, మెక్‌లారిన్ ఒంగోలులో అమెరికా మిషనులోనే పనిచేశారు. కెనడావాళ్లకు తమదంటూ ఒక క్షేత్రం లేదు. దాన్ని వాళ్లకు చూపించింది ఒక తెలుగు మనిషి.

ఆయన పేరు థామస్ గాబ్రియేల్. తంతి శాఖలో ఉద్యోగి. లూథరన్ సంఘంలో క్రైస్తవుడై, మద్రాసులో బాప్టిస్టుగా బాప్తిస్మం తీసుకున్నాడు. ప్రభుత్వ జీతం వదులుకుని కాకినాడలో సొంతంగా సువార్త పని మొదలుపెట్టాడు. వెనక ఏ విదేశీ సంఘమూ లేదు, నెలనెలా వచ్చే డబ్బూ లేదు. పని పెరిగింది, తోటి సువార్తికులను పోషించాల్సి వచ్చింది, అప్పులు మీద పడ్డాయి. చివరికి, ఈ పనిని మీరు చేతిలోకి తీసుకోండని మెక్‌లారిన్‌ను అడిగాడు. మెక్‌లారిన్ కెనడాకు రాశాడు, కెనడా సరేనంది. 1874 మార్చి 12న మెక్‌లారిన్ కుటుంబం కాకినాడ చేరింది. కెనడియన్ బాప్టిస్టు మిషన్, మనవాళ్ల నోట సీబీఎం, తన పుట్టినరోజుగా లెక్కపెట్టుకునేది ఆ తేదీనే. గాబ్రియేల్ ఆ తర్వాత ఏడాది కూడా బతకలేదు. 1875 జనవరి 1న కన్నుమూశాడు.

ఈ వరుస గమనించదగ్గది. కెనడా నుంచి వచ్చినవాళ్లు బీడులో విత్తు వేయలేదు. నాటి ఉన్న చేనుకు, అదీ నాటినవాడు పిలిస్తే, వచ్చారు. మిషన్ రాసుకున్న చరిత్రల్లో గాబ్రియేల్ పేరు ఉంది, గౌరవంగానే ఉంది. కానీ కాకినాడలో మెక్‌లారిన్ పేరున హైస్కూలు, టింపనీ పేరున స్కూలు వెలిశాయి. వాళ్లను పిలిచిన గాబ్రియేల్‌ను మాత్రం ఆ ఊళ్లోనే చాలామంది ఎరగరు. ఇది సరిదిద్దుకోవాల్సిన మరుపు.

కెనడా తూర్పు తీరపు రాష్ట్రాల బాప్టిస్టుల కథ వేరే దారిన వచ్చింది. నోవాస్కోషియాకు చెందిన హన్నా మరియా నోరిస్ బర్మా వెళ్లాలనుకుంది. బోర్డు దగ్గర డబ్బు లేదన్నారు. 1870 వేసవిలో ఆమె ఊరూరూ తిరిగి రెండు నెలల్లో 32 మహిళా సహాయక సంఘాలు పెట్టించింది. ఆ ఆడవాళ్ల చిల్లర చందాలతోనే ఓడ ఎక్కింది. 1873లో మరికొందరు తూర్పుతీరంవాళ్లు బయలుదేరారు. సయాం సరిహద్దుల్లో పని చేద్దామనుకున్నది కుదరక, 1875లో అందరూ తెలుగు తీరానికి మళ్లారు. భీమునిపట్నం, శ్రీకాకుళం, బొబ్బిలి ఇలా వాళ్ల చేతికి వచ్చాయి. బొబ్బిలిలో 1879లో అడుగుపెట్టిన జార్జి, మటిల్డా చర్చిల్ దంపతులు దశాబ్దాల తరబడి అక్కడే ఉండిపోయారు. ఉత్తరాన తూర్పుతీరంవాళ్లు, దక్షిణాన ఆంటారియోవాళ్లు రెండు మిషన్లుగా పనిచేసి, 1912లో ఒకే బోర్డు కిందికి వచ్చారు.

దక్షిణ భాగంలో కాకినాడ తర్వాత 1878లో తుని, 1880లో ఆకివీడు కేంద్రాలయ్యాయి. 1882లో మెక్‌లారిన్ సామర్లకోటలో సెమినరీ తెరిచాడు. పిఠాపురం, రామచంద్రపురం, వుయ్యూరు, ఎలమంచిలి, అవనిగడ్డ ఒకదాని వెంట ఒకటి చేరాయి. తెల్లసున్నం కొట్టిన మిద్దె, చుట్టూ ఎత్తయిన వరండా, పక్కన బోర్డింగు స్కూలు, ప్రహరీ లోపల చింతచెట్లు లేదా మామిడిచెట్లు. కోస్తా ఊళ్లలో ‘మిషన్ కాంపౌండ్’ అనే మాటకు ఈ రూపం అప్పుడు స్థిరపడింది. దొరగారు, దొరసానమ్మ అన్న పిలుపులు కూడా ఆ వరండాల్లోనే స్థిరపడ్డాయి.

కొత్తగా వచ్చిన మిషనరీకి మొదటి రెండేళ్లు పని భాష నేర్చుకోవడమే. మున్షీ పొద్దున్నే వచ్చి కూర్చునేవాడు. చేతిలో సి.పి. బ్రౌన్ నిఘంటువు, మచిలీపట్నంలో పనిచేసిన ఆర్డెన్ రాసిన వ్యాకరణం. మొదటి ఏడాదికో పరీక్ష, రెండో ఏడాదికో పరీక్ష. అవి గట్టెక్కితే గాని ఒక కేంద్రం బాధ్యత పూర్తిగా అప్పగించేవారు కారు. ఇంగ్లీషు చెవికి కల, కళ ఒకటే, పాడు, పాదు ఒకటే. దీర్ఘం ఒక్కటి పోతే పాలు అడిగినవాడికి పలు అనే మాట మిగులుతుంది. పైగా మున్షీ నేర్పేది గ్రాంథికం, గూడెంలో వినిపించేది గోదావరి మాండలికం. పుస్తకపు తెలుగులో ప్రసంగిస్తే వినేవాళ్లు మర్యాదగా తల ఊపి, పక్కన నిలబడ్డ తెలుగు సువార్తికుడు మళ్లీ చెప్పేదాకా ఆగేవారు. అర్థమయ్యేలా చెప్పే పని నిజానికి ఆ రెండో మనిషిదే. మిషనరీకి నోరు తిరగడానికి రెండేళ్లు చాలవచ్చు, చెవి తిరగడానికి అంతకంటే ఎక్కువే పట్టేది.

చలికాలం రాగానే టూరు మొదలయ్యేది. 1852 నాటికి పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట పుణ్యమా అని గోదావరి డెల్టా అంతా కాలువల వల. మెట్టలో ఎడ్లబండి, డేరా అయితే, డెల్టాలో కాలువ పడవే మిషనరీకి ఇల్లు, వాహనం. లోపల ఒక మంచం, ఒక మేజాబల్ల, మందుల పెట్టె, పుస్తకాల పెట్టె. గట్టు మీద నడుస్తూ మనుషులు తాడుతో పడవను లాగేవారు, గాలి వాలుగా ఉంటే తెరచాప ఎత్తేవారు. ఊరి రేవులో పడవ కట్టి, పొద్దున ఒక పేటకు, సాయంత్రం ఒక పేటకు నడిచి వెళ్లేవారు. రాత్రి హరికేన్ లాంతరు వెలుగులో పాట, ప్రసంగం. కెనడాకు ఉత్తరం రాసుకోవడం ఆ తర్వాతే, అదే లాంతరు కింద, దోమల మధ్య. 1890ల్లో తూర్పుతీరపు రైలు వచ్చాక, 1900లో రాజమండ్రి దగ్గర గోదావరి మీద వంతెన తెరిచాక, కేంద్రం నుంచి కేంద్రానికి ప్రయాణం సులువైంది. పేటలకు వెళ్లే దారి మాత్రం చాలాకాలం ఆ గట్టే, ఆ పడవే.

సంఘాల్లో చేరినవాళ్లలో అధికులు మాల, మాదిగ కుటుంబాలవారు. వాళ్ల పిల్లలకు ఊరి బడిలో చోటు లేని రోజుల్లో పేటబడి, ఆపైన బోర్డింగు స్కూలు దొరికాయి. సామర్లకోట సెమినరీలో చదివినవాళ్లు పాస్టర్లయ్యారు, టీచర్లయ్యారు. ఒక్కో మిషనరీ కింద పదుల కొద్దీ గ్రామాలు ఉండేవి. ఏడాదికి ఒకటి రెండుసార్లు దొరగారి పడవ వచ్చేది, మిగతా రోజులన్నీ పాస్టరుగారివీ టీచరుగారివీ. జబ్బు చేస్తే కబురు అందేది వాళ్లకే, చావుకీ పెళ్లికీ నిలబడేదీ వాళ్లే. మునసబుతో, భూస్వామితో తగవు వస్తే దెబ్బలు తిన్నది కూడా వాళ్లే.

ఆ ఎండలకు, ఆ నీళ్లకు బలైన కెనడావాళ్లూ ఉన్నారు. టింపనీ 1885లో కాకినాడలోనే కలరాతో చనిపోయాడు. మిషన్ సమాధుల దొడ్లలో చిన్నచిన్న రాళ్లు కనిపిస్తాయి. అవి పిల్లలవి. జీవితకాలపు బస అంటే ఇదీ కలిపే. పెద్దయ్యే పిల్లలను చదువుకు కొండ ఊళ్ల బడులకో కెనడాకో పంపేసి, ఏళ్ల తరబడి ఉత్తరాల మీదే పెంచడం కూడా దాని కిందికే వస్తుంది.

డబ్బు సంగతికొస్తే, ఇందులో పెద్ద చెయ్యి ఆడవాళ్లది. 1876లో ఆంటారియోలో మహిళల విదేశీ మిషనరీ సంఘం ఏర్పడింది. 1878 నుంచి ‘కెనడియన్ మిషనరీ లింక్’ అనే పత్రికను నడిపారు. చర్చి నేలమాళిగలో నెలకోసారి కూడి, తెలుగు నేల నుంచి వచ్చిన ఉత్తరం చదువుకుని, పెట్టెలో చిల్లర వేసి, పాత దుప్పట్లు చింపి ఆస్పత్రికి కట్టుగుడ్డలు చుట్టేవారు. ఆ చందాలతో పెళ్లికాని యువతులు టీచర్లుగా, డాక్టర్లుగా వచ్చారు. గోషాలో ఉండే ఇళ్లలోకి మగ మిషనరీ పోలేడు, వీళ్లు పోగలిగారు. వాళ్ల వెంట, తరచుగా వాళ్లకంటే ముందు, తెలుగు బైబిలు స్త్రీలు నడిచారు. చాలామంది వితంతువులు. చేతిలో పుస్తకం, నోట పాట, కాళ్లకు చెప్పులుంటే ఉన్నట్టు లేకుంటే లేనట్టు. పిఠాపురంలో డాక్టర్ ఇ.జి. స్మిత్, డాక్టర్ జెస్సీ ఆలిన్, ఆకివీడులో డాక్టర్ పెర్ల్ చూట్, వుయ్యూరులో డాక్టర్ గెర్ట్రూడ్ హ్యూలెట్ ఆస్పత్రులను నిలబెట్టారు. ఆడ డాక్టరు అన్న మాటే కొత్తగా ఉన్న కాలంలో చుట్టుపట్ల ఊళ్ల నుంచి బండ్లు కట్టుకుని పురుళ్లకు అక్కడికే వచ్చేవారు. తెలుగు నర్సులకు తొలి శిక్షణ దొరికిన చోట్లలో ఈ ఆస్పత్రులూ ఉన్నాయి.

సెలవు మీద వెళ్లిన మిషనరీకి ఆంటారియోలో విశ్రాంతి తక్కువ. ఊరూరి చర్చిలో ప్రసంగం, మ్యాజిక్ లాంతరుతో తెర మీద గాజు పలకల బొమ్మలు, ఒక చీర, ఒక ఇత్తడి చెంబు, ఒక తాటాకు పుస్తకం చూపించడం. హామిల్టన్ లాంటి ఊళ్లో సామాన్య విశ్వాసికి తెలుగు దేశం తెలిసింది ఈ దారినే. తాను వెళ్లి చూడటమన్నది అతని ఊహలో లేదు. వెళ్లేవాడు వేరు, పంపేవాడు వేరు. 1908లో జాన్ క్రెయిగ్ ‘తెలుగుల మధ్య నలభై ఏళ్లు’ పేరుతో మిషన్ చరిత్ర రాసి అచ్చువేయించాడు. పేరులోనే నలభై ఏళ్లు. ఆ కాలపు కొలత అది.

స్వాతంత్ర్యం వచ్చాక ఆ కొలత మారింది. నడిపింపు తెలుగు నాయకుల చేతికి మారుతూ వచ్చింది. ఉత్తర సర్కారు బాప్టిస్టు సంఘాలు తమ సమాఖ్య కింద, కాకినాడ కేంద్రంగా నడవసాగాయి. ఎ.బి. మాసిలామణి వంటి తెలుగు ప్రసంగీకుల పాటలు, సందేశాలు సీబీఎం గిరి దాటి తెలుగు క్రైస్తవులందరికీ చేరాయి. 1955లో భారత ప్రభుత్వం విదేశీ మిషనరీల రాక మీద నియమాలు ప్రకటించింది. పనికి తగిన అర్హత ఉండాలి, ఆ పని చేయగల భారతీయుడు దొరకని చోటికే కొత్తవారు రావాలి అన్నది వాటి సారం. సెలవు మీద వెళ్లినవాళ్ల స్థానంలో కొత్తవాళ్లు రావడం తగ్గింది. ఏళ్లు గడిచిన కొద్దీ బంగళాలు ఖాళీ అయ్యాయి.

ఈ మలుపులో ఒక సంగతి ప్రత్యేకించి చెప్పుకోదగ్గది. భీమునిపట్నం వైపు పనిచేసిన కెనడా మిషనరీ కుటుంబంలో పుట్టిన డాక్టర్ బెన్ గలిసన్, శ్రీకాకుళం జిల్లా సోంపేటలో కంటి వైద్యం చేస్తూ వచ్చాడు. ఎండ, పేదరికం, శుక్లాలు కలిసిన ప్రాంతం అది. చేయి పట్టుకుని నడిపించే మనవడు లేకపోతే గడప దాటలేని ముసలివాళ్లు ఊరికి పదిమంది ఉండేవారు. 1963లో గలిసన్ కెనడా వెళ్లినప్పుడు కాల్గరీలో ఆయన మాటలు విన్న ఆర్ట్ జెన్కిన్స్ అనే వ్యాపారి అక్కడి మిత్రులను కూడగట్టాడు. దాని నుంచి ‘ఆపరేషన్ ఐసైట్’ అనే సంస్థ పుట్టింది. మొదటి సాయం సోంపేట ఆస్పత్రికి వచ్చింది, తర్వాత ఎన్నో దేశాలకు పాకింది. ఇక్కడ కొద్దిరోజుల ప్రయాణం చేసింది సోంపేట డాక్టరు, అదీ కెనడాకు. కాల్గరీవాళ్లు చేసిన పని నమ్మి డబ్బు పంపడం. కత్తి పట్టిన చేయి, రోగితో తెలుగులో మాట్లాడిన నోరు సోంపేటలోనే ఉండిపోయాయి.

ఇదే కాలంలో ఉత్తర అమెరికాలో కొత్త ఆచారం మొగ్గ తొడిగింది. 1957లో జార్జి వెర్వర్ అనే కాలేజీ కుర్రాడు మరో ఇద్దరు మిత్రులతో పాత ట్రక్కులో పుస్తకాలు వేసుకుని మెక్సికో వెళ్లాడు. ‘ఆపరేషన్ మొబిలైజేషన్’ అలా మొదలైంది. 1960లో లోరెన్ కన్నింగ్‌హామ్ ‘యూత్ విత్ ఎ మిషన్’ పెట్టాడు. వేసవి సెలవుల్లో వెళ్లి రావచ్చు, బైబిలు కాలేజీ చదువు అక్కర్లేదు, వయసులో ఉంటే చాలు అన్నది వాళ్లు తెచ్చిన మార్పు. వెర్వర్ బృందాలు 1960ల్లో యూరప్ నుంచి లారీల్లో టర్కీ, ఇరాన్‌ల మీదుగా భారతదేశానికి కూడా వచ్చాయి. మతంతో సంబంధం లేకుండానే, 1961లో అమెరికాలో పీస్ కోర్, కెనడాలో క్యూసో అనే స్వచ్ఛంద సేవా సంస్థ మొదలయ్యాయి. యువత పరదేశం వెళ్లి పనిచేసి రావాలన్న ఆలోచన గాలిలోనే ఉంది. జెట్ విమానాలు చవకవడంతో 1980ల తర్వాత సంగతి యువకులతో ఆగలేదు. పంపేవాడూ వెళ్లేవాడూ ఒకరే అయ్యారు. 2005 నాటి ఒక జాతీయ సర్వే ఆధారంగా సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ వుత్‌నౌ వేసిన లెక్కలో, అమెరికా చర్చి సభ్యులే ఏటా సుమారు 16 లక్షల మంది ఇలా పరదేశం వెళ్లి వస్తున్నారు.

ఈ చిన్న యాత్రకు ఇప్పుడు ఒక స్థిరమైన క్రమం ఏర్పడింది. ఆరు నెలల ముందు పేర్లు ఇవ్వడం, నెలకు ఒకటి రెండు సన్నాహక సమావేశాలు, టీకాలు, బంధుమిత్రులకు ‘ప్రార్థించండి, తోడ్పడండి’ అని ఉత్తరం. చర్చి హాలులో విరాళాల విందు. ఆదివారం ఆరాధనలో బృందాన్ని ముందుకు పిలిచి తలల మీద చేతులుంచి ప్రార్థన. దిగిన చోట పిల్లలకు పాటలు, బొమ్మలతో బైబిలు తరగతులు, గోడకు రంగు, ఒక గది కట్టడం, లేదా వైద్య శిబిరం. అనువాదకుడు పక్కన ఉండగా సాక్ష్యం చెప్పడం. పొద్దుపోయాక బృందమంతా కూర్చుని ఆ రోజు చూసినవి చెప్పుకోవడం. తిరిగి వచ్చాక మళ్లీ అదే హాలులో తెర మీద ఫొటోలు. గాజు పలకలు పోయి ప్రొజెక్టరు వచ్చింది, చూపించే పద్ధతి పాతదే.

ఆ ఫొటోలతో పాటు వినిపించే మాటలు దాదాపు ఒకటే. ఇవ్వడానికి వెళ్లి తీసుకుని వచ్చాం. వాళ్ల దగ్గర ఏమీ లేదు, అయినా సంతోషంగా ఉన్నారు. మా విశ్వాసం బలపడింది. ఈ మాటల్లో నిజాయితీ ఉంది. మట్టి గోడల ఇంట్లో తమ కోసం కోడి కోసి వండిపెట్టిన ఆతిథ్యం ముందు కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లను తేలిగ్గా తీసేయడం అన్యాయం. అయితే ‘సంతోషంగా ఉన్నారు’ అన్న మాట రెండు వారాల చూపు. అతిథి ఎదుట నవ్వడం మర్యాద అని, అప్పు సంగతి అతిథికి చెప్పరని తెలియాలంటే భాష కావాలి, రెండు వర్షాకాలాలైనా గడవాలి. పాత మిషనరీల ఉత్తరాల్లో నవ్వులతో పాటు అప్పులు, వడ్డీలు, పాలేరుతనం, కులం కట్టుబాట్లు కనిపిస్తాయంటే వాళ్ల మనసులు గొప్పవని కాదు. వాళ్లు ఉండిపోయారు, అందుకే వాళ్ల దగ్గర జనం అవి చెప్పుకున్నారు. ఎక్కువకాలం ఉన్నవాళ్లకూ పొరపాటు చూపు లేకపోలేదు. దొరగా చూడటం, పిల్లలుగా తలచి నడిపించాలనుకోవడం ఆ ఉత్తరాల్లోనే దొరుకుతాయి. రెండింటిలో ఏదీ కల్మషం లేనిది కాదు, కానీ ఒకదానికి తనను తాను దిద్దుకునే వ్యవధి ఉంది.

డబ్బు లెక్క కూడా తేలాల్సిందే. 1998లో మిచ్ తుఫాను హోండురాస్‌ను నేలమట్టం చేశాక, ఉత్తర అమెరికా బృందాలు వెళ్లి ఇళ్లు కట్టాయి. కర్ట్ వెర్ బీక్ అనే సామాజిక శాస్త్రవేత్త దాన్ని పరిశీలించాడు. స్థానిక క్రైస్తవ సంస్థ సుమారు 2,000 డాలర్లలో కట్టగల ఇంటికి, వచ్చినవాళ్ల ప్రయాణ ఖర్చులు కలిపి సగటున 30,000 డాలర్లు అయ్యాయి. ఆ ఇళ్లలో ఉన్నవాళ్లకు ఎవరు కట్టారన్నది పెద్ద తేడాగా తోచలేదు. వెళ్లి వచ్చినవాళ్ల జీవితాల్లో, చందాల్లో కూడా నిలిచిన మార్పు కొద్దిదే. ఇది 2006లో వెలువడ్డాక చాలా సంఘాల్లో చర్చ రేగింది. అక్కడివాళ్లు పిలిస్తేనే వెళ్లడం, వాళ్లు చెప్పిన పనే చేయడం, ఒకే చోటికి ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ వెళ్లడం అనే నియమాలు కొందరు పెట్టుకున్నారు. 1874లో గాబ్రియేల్ పిలుపుకు మెక్‌లారిన్ వచ్చిన పద్ధతికి ఇది దగ్గర.

తెలుగు రాష్ట్రాలకు రావాలంటే చట్టం కూడా అడ్డుగీత గీసింది. పర్యాటక వీసా మీద వచ్చి మత ప్రచారం చేయడం కుదరదు, దానికి మిషనరీ వీసా వేరే ఉంది. విదేశీ డాక్టరు శిబిరంలో రోగిని ముట్టుకోవాలన్నా ఇక్కడి వైద్య నియంత్రణ సంస్థ అనుమతి కావాలి. కాబట్టి చేతికి వచ్చే పని సహజంగానే మారింది. నర్సింగు పాఠం చెప్పడం, సెమినరీలో కొన్నాళ్లు బోధించడం వంటివాటికి కూడా తగిన అనుమతి, ఇక్కడి సంస్థ ఆహ్వానం ఉండాలి. నైపుణ్యం ఉన్న మనిషి, ఇక్కడి మనిషి పక్కన నిలబడి, తాను వెళ్లిపోయాక ఆ పని ఆగకుండా చూసి వెళ్తే రెండు వారాలు కూడా వృథా కావు.

ఈ మధ్యకాలంలో దారి ఎదురు తిరిగింది. టొరంటో, హామిల్టన్ ప్రాంతానికి చదువుకూ ఉద్యోగాలకూ తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో చేరుతున్నారు. మెక్‌మాస్టర్‌లో ఇంజనీరింగు చదివే తెలుగు పిల్లలు రోజూ దాటే భవనాల్లో ఆ డివినిటీ కాలేజీ ఒకటి. టొరంటో చుట్టుపట్ల తెలుగు క్రైస్తవ సహవాసాలు తెలుగులోనే ఆరాధన జరుపుకుంటున్నాయి. కోస్తా నుంచి వచ్చిన కొన్ని కుటుంబాలకు ముత్తాత చదివింది సీబీఎం బోర్డింగులో, అమ్మమ్మ పుట్టింది మిషన్ ఆస్పత్రిలో.

అలాంటి కుటుంబం తన ఊరి జాడ కోసం ఆ పెట్టెలు తెరిపిస్తే, కాకినాడ ‘కోకనాడ’గా, శ్రీకాకుళం ‘చికాకోల్’గా, భీమునిపట్నం ‘బిమ్లీపటాం’గా కనిపిస్తాయి. సామర్లకోట ‘సామల్‌కోట్’ అవుతుంది. పాత వర్ణక్రమం తెలియకుండా వెతికితే ఊరే దొరకదు. మనుషుల జాడ ఇంకా కష్టం. మిషనరీకి ఇంటిపేరు, పుట్టిన ఊరు, ఓడ ఎక్కిన తేదీ అన్నీ ఉంటాయి. ఆయన పడవ దిగకముందే పేటకు వెళ్లి జనాన్ని పోగుచేసిన సువార్తికుడు నివేదికలో చాలాచోట్ల ‘పీటర్’, ‘యోహాను’ అన్న ఒంటి పేరుగానే మిగిలాడు. బైబిలు స్త్రీకి కొన్నిచోట్ల ఆ పేరు కూడా లేదు, ఒక సంఖ్య మాత్రమే ఉంది. ఫొటోలో ఆమె ముఖం మాత్రం స్పష్టంగానే ఉంటుంది: దొరసానమ్మ కుర్చీ పక్కన నేల మీద కూర్చుని, ఒళ్లో పుస్తకం పెట్టుకుని, కెమెరా వైపు సూటిగా చూస్తూ.